పక్క బెంచీ మీది నంబరు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం, షైలజ కుప్పంలో చచ్చిపోతే ఆ సంగతి మాకెవరికీ తెలియకుండానే రోజులు గడిచిపోతాయేమోనని. పాపకు జ్వరం తగులుతుందని, మా ఆయన ప్రకాష్ బాబు బండి మీద వస్తుంటే లారీ గుద్దుతుందని, ఈ పరీక్ష తప్పుతానని, నేను రోజూ పడే భయాలు ఇంకా చాలా ఉన్నాయి గానీ అవన్నీ దీని వెనకే నిలబడతాయి. ప్రశ్నపత్రం ఇచ్చేశారు. అందరూ తలలు వంచుకున్నారు. నేను మాత్రం పక్క బెంచీ వైపు చూస్తున్నాను. దాని మీద సుద్దముక్కతో షైలజ నంబరు రాసి ఉంది. నా నంబరు తర్వాతి నంబరే అది, ఇద్దరం ఒకే రోజు ఒకే నెట్ సెంటర్లో కూర్చుని ఓపెన్ డిగ్రీకి అడ్మిషన్ తీసుకున్నాం కాబట్టి. బెంచీ ఖాళీగా ఉంది. పరీక్ష మొదలయ్యాక అరగంట దాకా లోపలికి రానిస్తారు, ఆ తర్వాత గేటు వేసేస్తారు. ఈ పరీక్షకు షైలజను తానే బండి మీద తీసుకొస్తానని ఆమె మొగుడు నతానియేలు చర్చి పెద్దల ముందు మాటిచ్చాడు. కాబట్టి ఈ అరగంటలో ఆమె వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటే బాగున్నట్టు. కూర్చోకపోతే ఎలా ఉన్నట్టో నాకు తెలుసు, అందుకే గేటు వైపు చూస్తున్నాను. నా పౌచ్‌లో ఆమె హాల్ టికెట్ కూడా ఉంది. నాదానితో పాటే ప్రింటు తీయించాను, వచ్చీరాగానే చేతికివ్వొచ్చని. కిటికీలోంచి గేటు కనిపిస్తుంది, వాచ్‌మన్ కుర్చీ కనిపిస్తుంది, ఎవరో హెల్మెట్ పెట్టుకున్న మనిషి బండి ఆపాడు, వెనక ఆడమనిషి ఉంది, చీర పసుపు రంగు, షైలజకు పసుపు చీర ఉందా, ఉంది, చర్చి వార్షికోత్సవానికి కట్టుకుంది, కాదు, ఈమె పొట్టిగా ఉంది, ఈమె వేరే రూములోకి పరుగెత్తింది.

మొదటి ప్రశ్న, మానవీయ శాస్త్రాలు అనగానేమి, నిత్యజీవితంలో వాటి ప్రయోజనాన్ని సోదాహరణంగా వివరించండి. ఇది తప్పకుండా వస్తుందని సుబ్రమణ్యం సార్ చెప్పారు. జవాబు కూడా ఆయనే చెప్పారు, మొదటి ఆదివారమే, ఫ్యాను తిరగని ఆ పెద్ద రూములో చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ. సైన్సు మనకు వస్తువుల గురించి చెబుతుంది, మానవీయ శాస్త్రాలు మనకు ఎదుటి మనిషి మాట వినడం నేర్పిస్తాయి, రాసుకోండమ్మా. రాసుకున్నాం. క్లాసులో ఎవరమూ చదువుకోవలసిన వయసులో చదువుకున్న వాళ్ళం కాదు. పెద్దపంజాణి నుంచి వచ్చే అంగన్‌వాడీ ఆయమ్మ వరలక్ష్మికి డిగ్రీ ఉంటే టీచరు పోస్టు ఇస్తారట. చరణ్ టమోటా మండీలో లోడెత్తుతాడు, ఆదివారం తెల్లవారే పని ముగించుకుని చొక్కాకు టమోటా వాసనతోనే వచ్చి కూర్చుంటాడు. నేను పుంగనూరులో ఇంటరు మొదటి సంవత్సరం మధ్యలో ఆగిపోయినదాన్ని. మా అమ్మకు పక్షవాతం వచ్చింది, ఇంట్లో వండేవాళ్ళు లేరు, తర్వాత పెళ్ళి. ఆగిన చోటు నాకు ఇప్పటికీ గుర్తుంది, చరిత్ర పుస్తకంలో ఒక పాఠం మధ్యలో గుర్తుకని కోడి ఈక పెట్టాను. ఈక ఆ పుస్తకంలోనే ఉండి ఉంటుంది. మానవుడంటే ఎవరు అని సార్ బోర్డు మీద రాస్తే చరణ్ వెనక నుంచి, "సార్, మండీలో అయితే అడగకుండానే తెలుస్తాది సార్, బుట్ట మోసేది మనిషి, బుట్ట మీద కూర్చుండేది సేటు" అన్నాడు. సార్ కూడా నవ్వారు. అప్పుడు షైలజ నా మోచేతిని పొడిచి, "బీనా, ఈడ నవ్వినా ఎవురూ ఏమనరే" అంది. నవ్వితే ఏమంటారు అని అప్పుడు నేను అడగలేదు, నాకూ నవ్వొస్తోంది.

మానవీయ శాస్త్రాలు అనగా మనిషిని గురించి, మనిషి సృష్టించిన భాష, సాహిత్యం, చరిత్ర, కళలను గురించి తెలియజేయు శాస్త్రములు, అని రాశాను. చెయ్యి దానంతటదే రాస్తోంది. బయట వరండాలో పాప ఏడుస్తోంది. అది నా పాపే, బ్లెస్సీ, ఏడుపు చివర్లో దగ్గు లాగా వస్తుంది. మా అత్త దయామణి ఎత్తుకుని తిప్పుతోంది. ఆమె ఈ రోజు ఆరాధన మానుకుని వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. నైట్ డ్యూటీ దిగి కూడా గుడికి పోయేదాన్ని, నీ సదువు కోసం పోగొట్టుకున్నా అని పొద్దున నీళ్ళ సీసాలు సర్దుతూ అంది. తిట్టలేదు, అట్లా అనేసి పాపకు చెప్పులు తొడిగింది. ఇక్కడ క్లాసులు ఆదివారమే పెడతారు. ఉద్యోగాలు చేసే వాళ్ళకు వీలని. మాకేమో ఆదివారం అంటే గుడి. మొదట్లో నేనూ షైలజా తెల్లవారి ఇంగ్లీషు ఆరాధనకు పోయి, అర్థమైనా కాకపోయినా కూర్చుని, అక్కడి నుంచే పరుగు పెట్టేవాళ్ళం. "తెల్లోళ్ల ఆరాధనకు పోయి ఏమర్థమైతాదే మీకు" అని అత్త, "దేవునికి అర్థమైతాది లేత్తా" అని షైలజ. అత్తకు షైలజ అంటే ముద్దే. ఆమె తండ్రి సత్యానందం మామది మా ఇంటి వరసలోనే చివరి ఇల్లు, ఆయన సంఘం పెద్ద, ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినవాడు. షైలజను అత్తే చేతుల్లో పెంచిందంటారు. ఆ చేతులతోనే ఆమెను మళ్ళీ కుప్పం పంపడానికి పెట్టె సర్దింది. ఇప్పుడా చేతుల్లో నా పాప ఉంది, ఏడుపు ఆగింది, ఎందుకు ఆగింది, బిస్కెట్ ఇచ్చి ఉంటుంది, గొంతుకు అడ్డం పడితే, పడదు, నీళ్ళ సీసా ఉంది.

రెండో ప్రశ్న, స్వీయ కథనం అనగానేమి, ఒక ఉదాహరణతో చర్చించండి. ఉదాహరణ. నాకు తెలిసిన ఉదాహరణ ఒకటే, అది కూర్చోవలసిన బెంచీ ఖాళీగా ఉంది. ఆ ఆదివారం సార్ అన్నారు, ప్రతి మనిషి దగ్గరా ఒక కథ ఉంటుంది, ఎవరైనా లేచి మీ జీవితంలోంచి ఒక అనుభవం చెప్పండి, మొహమాటపడకండి, ఇది మన ఇల్లు అనుకోండి. ఎవరూ లేవలేదు. షైలజ లేచింది. మాకు లేచి చెప్పడం అలవాటే, చిన్నప్పటి నుంచి స్త్రీల కూటాల్లో సాక్ష్యం చెప్పి చెప్పి. బాధ మొదలుపెట్టాలి, మధ్యలో గొంతు వణకాలి, చివరికి ప్రభువు విడిపించాడు అని ముగించాలి, అందరూ స్తోత్రం అంటారు, కూర్చోవాలి. మాకు తెలిసిన కథ అదొక్కటే. అందుకే లేచి చేతులు కట్టుకుని, "ప్రభువు నామమున మీకందరికీ వందనాలు" అంది. క్లాసంతా గొల్లుమన్నారు. సార్ ఉష్ అన్నారు, ఫోను తీసి ఆమె వైపు పట్టుకున్నారు, స్టడీ సెంటరు వాళ్ళు పంపమంటారు, చెప్పమ్మా చెప్పు. షైలజ చెప్పింది. మా ఆయన గ్రానైటు పాలిషింగు యూనిట్లో పని చేస్తాడు. పనికి పోయేటప్పుడు నన్ను ఇంట్లో పెట్టి బయట తాళం వేసుకుని పోతాడు. పెళ్ళైన కొత్తలో దొంగల భయానికేమో అనుకున్నా. పోస్టుమ్యాను వస్తాడు, తాళం సూసి పోతాడు. గ్యాసు బండాయన వస్తాడు, తాళం సూసి పోతాడు. రైలు పోతే గోడ మీద గిన్నెలు గలగలమంటాయి, ఆ సప్పుడు తప్ప నాకు ఇంకో మనిషి సప్పుడు లేదు. ఒకసారి సంగం పెద్దలు ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేస్తా వచ్చినారు, తాళం సూసి, యాడికో పోయినట్టుండారు బిడ్డలు, ప్రభువు వాళ్లను సల్లగా సూడాల అని గడప ముందర నిలబడే ప్రార్థన చేసినారు. నేను తలుపు ఈ పక్క నిలబడుకోనుండాను. ఆమేన్ అన్నాను. గట్టిగా కాదు. గట్టిగా అంటే వాళ్లు పోయినాక ఆయన వస్తాడు గదా.

అక్కడ ఆగింది. ముగింపు కోసం వెతుక్కుంటోందని నాకు తెలుసు, నాలుక చివర ఉండాల్సిన మాట, ప్రభువు విడిపించాడు అనే మాట. అది రాలేదు. మా నాయన ఇంటికి పండక్కని వచ్చి తిరిగి పోకుండా ఉండిపోయినా అనేదే ఆమె విడుదల, దాన్ని ప్రభువు మీద పెట్టాలో తన మీద పెట్టుకోవాలో తెలియనట్టు కొంచెంసేపు నిలబడి, "అంతే సార్" అని కూర్చుంది. స్తోత్రం అనేవాళ్ళు లేరు. ఎవరో కుర్చీ జరిపారు. సార్ ఫోను మా వైపు తిప్పి, బ్రహ్మాండం, ఎంత సహజంగా ఉందో చూశారా, తాళం అనేది ఇక్కడ ఒక ప్రతీక అవుతుంది, అందరూ ఒకసారి చప్పట్లు కొట్టండి అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ప్రతీక అని నోట్సులో రాసుకున్నాను కూడా. ఆ ఇంటి అడ్రసు ఏమిటమ్మా అని ఒక్కరూ అడగలేదు, మళ్ళీ పంపిస్తారా నిన్ను అక్కడికి అని అడగలేదు, సార్ తర్వాతి యూనిట్ తీశారు, శిల్పకళ. బస్టాండు దగ్గర ఉర్లగడ్డ బోండా తింటూ షైలజ పగలబడి నవ్వింది, నూనె కాగితం చేతిలో పట్టుకుని. "ఎవురూ స్తోత్రం అనలేదే బీనా! బస్సు సగం దోవలో దించేసి పోయినట్టుండాది నాకు." "నువ్వు ముగించలేదు గదా" అన్నాను. "ముగిస్తే అబద్ధమైతాది గదమ్మా" అంది. ఆ రోజు ఆమె మొహం ఎట్లా ఉందంటే, తలంటుకున్న మొహంలా ఉంది. సార్ ఆ వీడియోను సాయంత్రం క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు, విద్యార్థుల అనుభవాలు, మానవీయ శాస్త్రాల సార్థకత అని పైన రాసి, దండం బొమ్మ పెట్టి. గ్రూపులోంచి ఎవరి అక్కకో, అక్క నుంచి ఎవరి సంఘానికో, పలమనేరు మీదుగా కుప్పం చేరడానికి దానికి బస్సు కూడా అక్కర్లేదు.

అమ్మా, టైము చూసుకోండి, అని ఇన్విజిలేటరు మేడం అంటోంది. గేటు దగ్గర వాచ్‌మన్ లేచాడు. లేచి చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు, ఎవరన్నా వస్తున్నారా, రావాలి, పుంగనూరు దగ్గర రోడ్డు పనులు చేస్తున్నారు, బండి ఆలస్యమై ఉంటుంది, టైరు పంక్చరై ఉంటుంది, నతానియేలుకు దోవ తెలియక అంగళ్ళు వైపు పోయి ఉంటాడు. తెలియకపోవడమేమిటి, ఆ మధ్య వచ్చాడు కదా, నలుగురు పెద్దలను కారులో వేసుకుని. సత్యానందం మామ ముందు గదిలో అందరూ కూర్చున్నారు. టీ గ్లాసులు నేనే పట్టుకుపోయాను, షైలజ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కుప్పం పెద్దాయన ఒకాయన ఎంతో మెత్తగా మాట్లాడాడు. "సాక్ష్యమనేది సంగంలో సెప్పాల తల్లీ. అన్యుల ముందర, కాలేజీలో, ఫోన్లో సెప్పేదేంది?" షైలజ తల ఎత్తలేదు. "సంగంలోనూ సెప్పినా గదయ్యా. ప్రార్థన సేస్తామన్నారు." "సేస్తానే ఉండాము గదమ్మా!" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని. నతానియేలు ఏడ్చాడు. భుజాలు ఊగేలా ఏడ్చాడు, మా అత్త కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తాళం ప్రేమ కొద్దీ వేశానన్నాడు, ఆ వీధి మంచిది కాదన్నాడు, బైబిలు మీద చెయ్యి పెట్టాడు. మగవాడు ఏడిస్తే అది ముగింపు. అందరూ స్తోత్రం అన్నారు. అప్పుడు షైలజ ఒకే ఒక్క మాట అడిగింది, "పరీక్షకు పంపిస్తారా?" పెద్దలు నవ్వారు, ఆ మాత్రానికేమని. "నేనే పిల్చుకోని వస్తా" అన్నాడు నతానియేలు. గ్లాసులు ఏరుకుని వస్తుంటే ఆమె నా పళ్ళెంలో తన గ్లాసు పెట్టింది, తాగలేదు, మీగడ కట్టి ఉంది.

షైలజను మామే బస్టాండుకు తీసుకుపోయాడు. నతానియేలు పెద్దలతో కారులో, ఆమె తండ్రితో బస్సులో, కారులో చోటు లేదని. పోయేముందు పుస్తకాల సంచి నతానియేలు ఆమె చేతిలోంచి తీసి నాకిచ్చాడు, ఇవి ఈడనే ఉండనీమ్మా, ఆమెకు కండ్లు నొస్తాయి. ఇప్పుడు నేను చదివింది ఆమె పుస్తకాల్లోనే. నా పుస్తకాలు పాప చింపేసింది. ఆమె పుస్తకంలో వినడం అనే మాట కింద పెన్సిలు గీత ఉంది, రెండుసార్లు గీసింది. ఆ తర్వాత ఒక్కసారే ఫోనులో దొరికారు. నతానియేలే ఎత్తాడు. "నిద్ర పోతాండాది. ఏం కావాల?" పట్టపగలు. "బాగుండాదా అన్నా?" అన్నాను, నా గొంతు నాకే అడుక్కునేదానిలా వినిపించింది. "బాగుండక ఏమైతాది? నువ్వేనా ఆ ఫోన్లో సప్పట్లు కొట్టేది, నీలం చీర?" నాకు నీలం చీర ఉంది. ఆ తర్వాత ఆ నంబరు పనిచేయడం లేదు. మహిళల హెల్ప్‌లైనుకు చేశాను, బాత్రూములో కుళాయి తిప్పి. ఆ అమ్మాయి బాగానే మాట్లాడింది, అడ్రసు చెప్పమంది. రైలు పట్టాల దగ్గర అన్నాను. ఏ వీధి, డోరు నంబరు, అంది. తెలియదు. ఆమె నాన్నగారిని కనుక్కుని చెప్పండి మేడం, అంది. సత్యానందం మామను అడిగితే ఆయన చేతిలోని కీర్తనల పుస్తకం మూసి, "నా ఇంటికి పోలీసులను తేవాలనుకుంటాండావా తల్లీ?" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. బతిమాలినట్టు అన్నాడు. బండి మీద ఒక్కసారి కుప్పం పోయొద్దాం అంటే ప్రకాష్ బాబు, "తండ్రే ఊరకుండాడు, మనమెవురు? నతానియేలు నన్నేమనుకుంటాడు?" నేనొక్కదాన్నే పోతానంటే, "పాపను యాడ పెడతావు?" సుబ్రమణ్యం సార్‌ను అడిగితే, ఇవి వ్యక్తిగత విషయాలమ్మా, మనం జోక్యం చేసుకోకూడదు, వీడియో తీసేశాను లే. తీసేశారు. అక్కడ ఇప్పుడు, ఈ సందేశం తొలగించబడింది, అని ఒక లైను మిగిలింది. నిన్న సాయంత్రం పాలకని పోతూ మామ ఇంటి ముందు ఆగాను. గడప దగ్గర ఆయన చెప్పులే ఉన్నాయి. "రేపొద్దన్నే బయల్దేరి వస్తారమ్మా, అల్లుడు మాటిచ్చినాడు గదా" అన్నాడు. నన్ను చూసి కాదు, పాల చెంబును చూసి.

గేటు మూసిన చప్పుడు ఇక్కడికి వినపడింది. ఇనుప గొళ్ళెం. అంతే. సుబ్రమణ్యం సార్ అటెండెన్సు షీటు పట్టుకుని వరసగా వస్తున్నారు, ఈ సెంటరుకు ఆయనే చీఫ్. పక్క బెంచీ దగ్గర ఆగారు. సుద్ద నంబరు చూశారు, షీటులో చూశారు, ఎర్ర పెన్ను తీశారు. "సార్, షైలజ సార్" అన్నాను. "ఆ, వీడియో అమ్మాయి" అన్నారు, వెంటనే నాలుక కరుచుకున్నట్టు గొంతు తగ్గించి, "పాపం, సప్లిమెంటరీ రాసుకోవచ్చులేమ్మా, నువ్వు నీది రాసుకో, టైము పోతోంది" అన్నారు. ఎర్ర సున్నా చుట్టారు, ఆబ్సెంట్. పెన్ను మూత పెట్టుకుని ముందుకు పోయారు. చెడ్డ మనిషి కాదు ఆయన. నా పాప ఏడిస్తే క్లాసులోకి తెచ్చుకోనిచ్చిన మనిషి. మా అత్త చెడ్డది కాదు, మామ చెడ్డవాడు కాదు, నొచ్చుకున్న ఆ కుప్పం పెద్దాయనా కాదు. అందరూ గడప ముందర నిలబడి ప్రార్థన చేసి పోయిన వాళ్ళే. నేను కూడా. నేనూ ఇక్కడ కూర్చుని, మానవీయ శాస్త్రాలు మనకు ఎదుటి మనిషి మాట వినడం నేర్పిస్తాయి, అని గుండ్రటి అక్షరాలతో రాసి కింద స్కేలుతో గీత కొట్టాను. ఆ గీతకు మార్కులు ఉంటాయట.

వరండాలో చప్పుడు లేదు. పాప నిద్రపోయినట్టుంది, అత్త భుజం మీద పడుకుంటే నోరు తెరుచుకుంటుంది, ఈగలు వాలతాయి. ఈ పరీక్ష ఒక్కసారే అని ఇంట్లో మాట. పాసైతే చదువుకో, తప్పితే ఇంక ఊసెత్తకు, అని ప్రకాష్ బాబు అన్నాడు, అత్త సాక్షి. పుంగనూరులో కోడి ఈక దగ్గర ఆగిన చదువు ఇంకోసారి ఆగితే దానికి గుర్తు పెట్టడానికి కూడా ఏమీ ఉండదు. నాకు పాసు కావాలని ఉంది. ఎంత ఉందంటే, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. పొద్దున గేటు బయట చరణ్ అరటిపండు తింటూ, "అక్కా, జవాబు రాకుంటే సివర్లో ఒక ముక్క రాసేయ్. అయ్యా, నాకు సంటిబిడ్డ ఉండాది, దయచేసి పాసు చేయండి అని. మా అన్న అట్లనే గట్టెక్కినాడు" అన్నాడు. "అట్లా రాస్తే పేపరు కొట్టేస్తారంట గదా" అని వరలక్ష్మి. "మన పేపర్లు దిద్దేదానికి ఈసారి కుప్పం పక్కకు పంపిస్తారంట, టమోటాల మాదిరి లారీకెత్తి. ఆడ దిద్దే సార్లు మంచోళ్లు" అన్నాడు చరణ్, ఎవరు చెప్పారో ఏమో. కుప్పం పక్కకు. ఆ మాట పొద్దున చెవిలో పడింది, ఇప్పుడు లోపలికి దిగింది. జవాబుపత్రం మొదటి పేజీలో అచ్చు వేసి ఉంది, అభ్యర్థి తన గుర్తింపు తెలిపినా, పరీక్షకునికి విన్నపాలు రాసినా పత్రం రద్దు చేయబడును. చదివాను. మళ్ళీ చదివాను. మామ పుస్తకం మూశాడు, సార్ పెన్ను మూశారు, హెల్ప్‌లైను అమ్మాయి అడ్రసు అడిగింది. అడ్రసు నా దగ్గర లేదనుకున్నాను. ఉంది. ఆ ఆదివారం ఆమె నిలబడి మొత్తం చెప్పింది, మేమే దాన్ని ప్రతీక అని రాసుకున్నాం. "మేడం, అడిషనల్" అన్నాను. మేడం ఒక షీటు, ఒక తెల్ల దారం ముక్క ఇచ్చింది. రెండో ప్రశ్నకు జవాబు, ఉదాహరణ, అని హెడ్డింగు పెట్టాను, పెట్టి రాయడం మొదలుపెట్టాను.

అయ్యా, లేదా అమ్మా, ఈ పేపరు దిద్దేవారికి. నన్ను పాసు చేయమని రాయడం లేదు. సున్నా వేయండి, రద్దు చేయండి, నాకు తెలిసే రాస్తున్నాను. నేను అడగగలిగిన వాళ్ళందరినీ అడిగాను. ఇష్టమున్నా లేకపోయినా చివరి లైను దాకా చదవాల్సిన మనిషి ఇంక నాకు మీరొక్కరే మిగిలారు. మీరు కుప్పంలో ఉంటే, లేదా కుప్పంలో మీకు తెలిసినవాళ్ళు ఉంటే, ఒక ఇంటికి పోయి చూడండి. డోరు నంబరు నాకు తెలియదు. గ్రానైటు పాలిషింగు యూనిట్లో పని చేసే నతానియేలు ఇల్లు. రైలు పోతే గిన్నెలు కదిలేంత దగ్గర, పట్టాల పక్క వీధి. చర్చి పెద్దలకు ఆ ఇల్లు తెలుసు, వాళ్ళు ఒకసారి గడప ముందు నిలబడి ప్రార్థన చేశారు. గ్యాసు బండ తెచ్చే ఆయనకు కూడా తెలుసు. లోపల షైలజ అని ఒక మనిషి ఉంటుంది, ఈ పరీక్ష రాయవలసిన మనిషి, నా పక్క నంబరు. మీ చేతికి ఈ కాగితం ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చిన రోజే పోండి, మిగతా పేపర్లు తర్వాత దిద్దుకోవచ్చు. ఆయన పనికి పోయే వేళ చూసుకుని పోండి. తలుపుకు బయట తాళం ఉంటుంది. తాళం చూసి ఎవరూ లేరనుకుని వెనక్కి తిరగకండి, తాళం ఉంటే ఆమె లోపల ఉన్నట్టే. తలుపు తట్టి, షైలజా, బీనా పంపింది అనండి. గట్టిగా పలకదు. తలుపుకు చెవి ఆనించి, పలికేదాకా అక్కడే నిలబడండి.